పసుపు కింద తారీకు

అయిదేళ్లుగా నేను రెండు వాక్యాలు మోస్తున్నాను. "నేను చెప్పిన సార్. ఆయనే తీసుకపోలే." అంతే. చనిపోయిన ఒక మనిషి గురించి, అతను ఇక జవాబు చెప్పలేడని తెలిసే, ఒక అధికారి ముందు కూర్చుని అన్నవి. రెండూ అబద్ధాలు. చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. వెనక్కి తీసుకోవడానికి అయిదేళ్లు చాలలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా భార్యకు చెప్పబోయి రెండుసార్లు ఆగిపోయాను. ఒకసారి ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను ఎదురుగా వచ్చి నిలబడితే తల ఎత్తి "ఏంది" అంది. ఏం లేదన్నాను. రెండోసారి అంతదాకా కూడా రాలేదు.

నేను పుస్తకాలు బాగానే చదివాను. పుస్తకాల్లో తప్పు చేసినవాళ్లు చక్కగా మాట్లాడతారు. అది చూసి చూసి నాకు చక్కటి మాటల మీద నమ్మకం పోయింది. నా కలం నుంచి ఒక వాక్యం అందంగా వస్తే, అది నన్ను కాపాడటానికే వచ్చిందేమో అనిపిస్తుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. వరుస తప్పితే క్షమించండి.

జనగామలో ఒక పాల కేంద్రంలో బండ్లు చూసుకునే పని నాది. ఏ బండి ఏ లైనుకు పోవాలి, ఏది మరమ్మతుకు పోవాలి, ఏ కాగితం ఎప్పుడు తిరగరాయించాలి, ఇదే పని. లింగాల ఘనపూర్ లైను, నర్మెట్ట లైను, కొడకండ్ల లైను. తెల్లవారగానే బండ్లు ఊర్లకు పోయి, డబ్బాలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ల దగ్గర పాలు పోయించుకుని, ఎండ ఎక్కకముందే జనగామకు రావాలి. యజమానిని అందరం పటేలా అనేవాళ్లం. భూములున్న ఇల్లు, ఊర్లో మాట చెల్లే ఇల్లు. మనిషి చెడ్డవాడు కాదు. ఈ కథలో ఆయన మీదికి తోయడానికి నాకు ఏమీ దొరకలేదు. వెతకలేదని కాదు.

హైదరాబాద్ రోడ్డు మీద గ్యాసు బంకు పడ్డాక, పటేలు డీజిలు బండ్లు ఒక్కొక్కటే అమ్మేసి గ్యాసుతో నడిచే బండ్లు తెచ్చాడు. కొత్తవి కొన్ని, హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మినవి కొన్ని. డ్రైవర్లు మొదట భయపడ్డారు. కింద బాంబు పెట్టుకుని పైన పాలు పెట్టుకుని తిరుగుడేందని నవ్వుకున్నారు, కానీ తాళంచెవి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. మీ ఇండ్లల్ల గ్యాసు పొయ్యి లేదా, దాని పక్కన పండుతలేరా అని యాకయ్య వాళ్లను ఎగతాళి చేసి మొదటి బండి తీసుకున్నాడు. కొడకండ్ల లైను.

యాకయ్య గురించి చెప్పాలి. కొడకండ్ల దగ్గరి ఊరతను. నాకంటే ఆరేళ్లు చిన్న. ఇతరుల ఆటో కిరాయికి నడుపుకుంటుంటే నేనే పటేలు దగ్గరికి తీసుకొచ్చాను. నన్ను అన్నా అనేవాడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకేచోట సద్ది విప్పుకునేవాళ్లం. నా బల్ల మీద ఏదో ఒక పుస్తకం ఉండేది. ఇందుల ఏముందని అడిగేవాడు. నేను కథ చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఓపిక ఉండేది కాదు. "ఆఖరికి ఏమైంది, గది చెప్పు" అనేవాడు. కథలో ఎవరైనా తప్పు దాచుకుంటే, "ఆఖరికి చెప్పిండా లేదా?" అని అడిగేవాడు. చెప్పాడంటే సరే అని చెయ్యి కడుక్కునేవాడు. చెప్పలేదంటే, "గట్లయితే గా కథ నాకొద్దు" అనేవాడు.

ఇక గ్యాసు బండి సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. సిలిండరులో గ్యాసును చాలా ఒత్తిడితో కుక్కుతారు. ఆ ఒత్తిడిని ఇనుము తట్టుకుంటుందో లేదో మూడేళ్లకొకసారి చూపించాలి. సిలిండరు విప్పి హైదరాబాద్ పంపితే, అందులో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి చూస్తారు. బాగుంటే మళ్లీ ఎప్పుడు చూపించాలో ఒక చిన్న రేకు మీద తారీకు కొట్టి ఇస్తారు. ఆ రేకు గ్యాసు నింపే మూతి పక్కనే ఉంటుంది. బంకులో నింపే మనిషి ముందు ఆ రేకు చూడాలి. తారీకు దాటితే నింపకూడదు. నింపేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదు. అందరూ దిగి దూరంగా పసుపు గీత అవతల నిలబడాలి. ఈ దిగుడు నియమం యాకయ్యకు ఇష్టం. పక్క ఆటోల్లో వచ్చిన పత్తి ఏరే ఆడవాళ్లు విసుక్కుంటుంటే, "దిగుర్రి అక్కా, జర నడుములన్న సక్కగైతయ్" అనేవాడు. తను కూడా గీత దాటి లోపలికి వచ్చేవాడు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అతను గీత దాటే మనిషి కాదు.

మేం బండ్లు కొన్నాక వచ్చిన మొదటి దసరా. ప్రతి దసరాకూ బండ్లన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి పూజ చేస్తాం. ఎవరో డ్రైవరు ఉత్సాహం కొద్దీ ఆ రేకుకు కూడా పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టాడు. మర్నాడు ఆ బండిలో నేను బంకుకు పోయాను. అక్కడ గ్యాసు నింపేది స్వరూప అనే ఆమె. ముప్పై దాటిన మనిషి, గట్టి మాట. రేకు వైపు వంగి చూసి, పసుపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "పండుగ బొట్టు నేనెట్ల తుడుస్త" అని నవ్వి, గ్యాసు పట్టింది. అప్పుడు ఆ బండి తారీకు బాగానే ఉంది. దాచాల్సిందేమీ లేదు. నేనూ నవ్వాను. కానీ అది నా తలలో ఎక్కడో ఉండిపోయింది.

మనిషి తప్పు ఎప్పుడు చేస్తాడు? చేసిన రోజునా? అది సాధ్యమని తెలుసుకున్న రోజునా? ఈ ప్రశ్న నన్ను చాలాసార్లు పట్టుకుంది. జవాబు ఏదైనా చేసింది నేనే కాబట్టి వదిలేశాను.

మరుసటి దసరా వచ్చింది. వాడిన బండ్లు మూడింటికి అదే కాలంలో తారీకు తీరాలి. రెండింటి కాగితాలు ఒకేచోట ఉన్నాయి. వాటిని వేళకు హైదరాబాద్ పంపాను. మూడోది యాకయ్య బండి. అది మిగతావాటికంటే నెల ఆలస్యంగా కొన్నది కాబట్టి దాని కాగితం వేరే కట్టలో ఉంది. నేను చూడలేదు. మరిచిపోయాను. దసరాకు రెండు రోజుల ముందు వేరే దేనికోసమో ఆ కట్ట విప్పితే కనబడింది. తారీకు దాటి అప్పటికి మూడు వారాలు. అన్నాళ్లూ బంకులో ఎవరి కంటా పడలేదు, ఇక ముందూ పడదన్న నమ్మకం లేదు.

ఏం చేయాలో నాకు తెలుసు. బండి ఆపాలి. అప్పటికే రెండు బండ్లు హైదరాబాద్‌లో ఉన్నాయి, వాటి బదులు తిప్పే బండి కూడా లైనులోనే ఉంది. యాకయ్య బండి ఆపితే కొడకండ్ల లైను ఆగుతుంది. పండుగ రోజులు. ఆ ఊర్లల్లో పాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు వెనక్కి పోవాలి. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. పాలు ఆగవు కదా, నేనేం చేయను అని. ఇది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. అయిదు రోజులకు ఒక ఆటో మాట్లాడితే సరిపోయేది. దానికి పటేలుతో రెండు మాటలు చెప్పాలి. మరిచిపోయిన పటేలా. అంతే.

ఆ మాట నా నోట రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు చెబుతాను. ఇది రాయడం మిగతా అంతా రాయడంకంటే కష్టంగా ఉంది, ఎందుకంటే చాలా చిన్నది. ఎవరు వచ్చినా పటేలు నన్ను చూపించి, మావోడు పుస్తకాలు చదివినోడు, వానికి అన్ని తలకాయల్నే ఉంటయ్, ఒక్కటి మర్వడు అనేవాడు. నేను తల వంచుకుని కాగితాలు సర్దుకునేవాణ్ని. నాకు ఆ మాట ఇష్టం. చెప్పలేనంత ఇష్టం. అది పోతుందని భయపడ్డాను. ఒక మనిషి ప్రాణం ఎదురుగా పెట్టి తూచితే ఇది ఎంత? నేను తూచలేదు. ఆ పక్కన ప్రాణం ఉందని అనుకోలేదు. ఆ తారీకు నాకు కాగితం పని. అంతకంటే ఎక్కువేమీ అనుకోలేదు.

అనుకోవాల్సింది. పాల బండి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. డబ్బాలు కడిగిన నీళ్లు, ఒలికిన పాలు, చెక్కల సందుల్లోంచి కిందికి కారుతూనే ఉంటాయి. కింద సిలిండరు. దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీ, పట్టీ లోపల రబ్బరు. ఆ రబ్బరు కింద నీళ్లు నిలిచి, ఇనుము లోలోపల తినిపోతుందని, పైనుంచి చూస్తే కనబడదని, ఆ పరీక్ష అందుకే పెట్టారని తర్వాత విచారణకు వచ్చినవాళ్లు చెబితే విన్నాను. బండ్లు చూసుకోవడం నా పని. నాకు ముందే తెలియాలి.

దసరా పొద్దున బండ్లన్నీ కేంద్రం ముందు వరుసగా నిలబెట్టాం. బంతిపూల దండలు వేశారు. నేను పసుపు కలిపిన గిన్నె తీసుకుని నేరుగా యాకయ్య బండి దగ్గరికి పోయాను. నేనెప్పుడూ పూజలో చెయ్యి పెట్టను. పక్కన నిలబడి చూస్తాను. ఆ రోజు రేకు మీద పసుపు మందంగా పూసి, దాని మీద అయిదు బొట్లు పెట్టాను. యాకయ్య నా వెనక నిలబడి చూస్తున్నాడు. అప్పుడు మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. మరవను కూడా.

"ఏందన్నా, బండి మొత్తానికి లేని పసుపు గా రేకుకే వెడ్తున్నవ్?"

"పెడితే ఏమైతది."

"తారీకు పోయింది గద. నేను చూసిన. చెప్దామనుకుంటనే ఉన్న."

నేను వేలికి అంటిన పసుపు తుడుచుకున్నాను. "పండుగ పోనీ యాకయ్య. గా రెండు బండ్లు రాంగనే నీది తోలిస్త. నాలుగు రోజులు."

"అందాక బంకుల అడిగితే?"

"బొట్టు ఎవలు తుడుస్తరు?"

అతను రేకును కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "నువ్వు చదివిన పుస్తకాలల్ల గిది గూడ రాసుందా అన్నా?"

"రాసుంది."

"సరే మరి. నువ్వు చెప్తున్నవ్ గద. నీ మాట మీద తోల్త."

తరువాత గుమ్మడికాయ కొట్టాడు. అందరికీ కొబ్బరి ముక్కలు పంచాడు. నాకు రెండు ముక్కలు ఇచ్చాడు.

మర్నాడు గ్యాసు పట్టించుకున్నాడు. ఇంకో రోజు పట్టించుకున్నాడు. ఎవరూ బొట్టు తుడవలేదు. నాలుగో రోజు పొద్దున పాలు దింపి మళ్లీ బంకుకు పోయాడు. నేను కేంద్రంలో డబ్బాలు సరిచూస్తున్నాను. ఒక చప్పుడు వినబడింది. రోడ్డు మీద లారీ టైరు పేలిందనుకుని పని చేసుకుంటూ పోయాను. కాసేపటికి ఎవరో బండి మీద వచ్చి చెప్పారు.

నేను పోయేసరికి స్వరూపను దవాఖానకు తీసుకుపోతున్నారు. ఆమె బతికింది. యాకయ్య పోయాడు. మంట లేదు, పొగ లేదు. బండి వెనక భాగం విప్పి పడేసినట్టు ఉంది. అతణ్ని అప్పటికే పక్కకు తీసి ఏదో గుడ్డ కప్పారు. నేను గుడ్డ ఎత్తి చూడలేదు. జనం అంతా అటే ఉన్నారు. నేను బండి దగ్గరికి పోయాను. ఎందుకు పోయాను? ఆ క్షణంలో నాకే తెలియదని రాయాలని ఉంది. కానీ తెలుసు. రేకు కోసం పోయాను.

రేకు దాని చోటే ఉంది. వంగింది, అంతే. పసుపు ఎండి గట్టిపడింది. బొట్లు అయిదూ అట్లే ఉన్నాయి. కింద యాకయ్య తువ్వాల పడి ఉంది. ఆ తువ్వాల తీసుకుని రేకు తుడిచాను. తారీకు బయటపడింది. అంత పసుపు చూస్తే, ఇది ఎవరు పూశారు, ఎందుకు పూశారని అడుగుతారని నా భయం. తుడిచిన తువ్వాలను సంచిలో పెట్టుకున్నాను. ఇంటికి పోయి ఉతికాను. పసుపు మరక పోలేదు. ఇప్పటికీ నా దగ్గర ఉంది.

పదో రోజున అతని భార్య భాగ్యకు బొట్టు తీసేశారు. ఆ బొట్టునూ ఈ బొట్టునూ కలిపి చెప్పడం నాకిష్టం లేదు. కానీ నాకు అవి కలిసే గుర్తొస్తాయి.

దవాఖానలో స్వరూప చెప్పిన మాట రెండో రోజు నాకు తెలిసింది. గ్యాసు పట్టడం మొదలయ్యాక యాకయ్య గీత దాటి ఉరికొచ్చాడట. భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని, అక్కా ఆపు, తారీకు పోయింది, నేను తుడుస్త, నువ్వు చూడు అన్నాడట. ఆమె ఆపడానికి చెయ్యి పెట్టేలోపు సిలిండరు పేలిపోయింది.

అతను ఎందుకు వచ్చాడు? ఏదైనా బుస వినబడిందా? వెనక వరుసలో పత్తి కూలీల ఆటో ఉందట. ఆడవాళ్లంతా దిగి నిలబడ్డారట. వాళ్లను చూసి మనసు మారిందా? మూడు రోజులుగా అతని లోపల ఏం నడిచింది? నేను చేసింది అతనికి మొదటి నుంచీ నచ్చలేదా? నా మాట మీద అన్నాడు కదా, మరి నా మాట ఎక్కడ తెగింది? నాకు ఎప్పటికీ తెలియదు. తెలిసింది ఒకటే. అతను నిజం చెప్పడానికి వచ్చాడు. దూరంగా నిలబడి ఉంటే బతికేవాడు.

అతను తుడవాలనుకున్న పసుపును అదే తువ్వాలతో నేను తుడిచాను.

విచారణకు వచ్చిన అధికారి నన్ను పిలిచేసరికి స్వరూప మాట ఆయన దగ్గర రాసి ఉంది. డ్రైవరుకు తారీకు సంగతి తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. అది నిజం. టెస్టుకు తీసుకపొమ్మని నువ్వు చెప్పినవా అని అడిగాడు. అప్పుడు ఆ రెండు వాక్యాలు చెప్పాను. పుస్తకంలో రాసి పెట్టావా అన్నాడు. రాశానన్నాను. ముందు రోజు సాయంత్రమే బండ్ల పుస్తకం తీసి, పాత తారీకు కింద ఖాళీగా ఉన్న ఒక గీతలో, యాకయ్యకు టెస్టు సంగతి చెప్పడమైనది అని రాసి పెట్టాను. అక్షరాలు వణకలేదు. నా రాత ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది.

ఎట్లా అయిందో చూడండి. ఆపమని ఉరికొచ్చిన మాటే అతని మీద సాక్ష్యం అయింది. తారీకు పోయిందని తెలుసు, చెప్పినా తీసుకుపోలేదు, తెలిసీ బంకుకు తెచ్చాడు అని రాసుకున్నారు. స్వరూప రేకు మీద పసుపు ఉండెనని చెప్పింది. రేకు శుభ్రంగా దొరికింది. ఆమె తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెబుతోందన్నారు. ఆమె పని పోయింది. కుడి చెవి ఆ పేలుడులోనే పోయింది. ఇప్పుడు నర్మెట్టలో తల్లిగారింట్లో బట్టలు కుడుతుందని విన్నాను. ఒకసారి జనగామ బస్టాండులో కనబడింది. కుడివైపు నుంచి ఎవరో పిలుస్తున్నారు. ఆమె తిరగలేదు. నేను స్తంభం చాటుకు పోయాను. అప్పటినుంచి నర్మెట్ట వైపు పోయే పని ఏదొచ్చినా తప్పించుకున్నాను.

పటేలు నా భుజం మీద చెయ్యి వేశాడు. నీ జాగ్రత్తల నువ్వు ఉంటివి, వాని రాత గట్లుంది అన్నాడు. ఒక్కటి మర్వడు అనే మాట నిలబడింది. దానికోసమే కదా అంతా చేసింది. నిలబడ్డాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఏడాది తిరగకముందే ఆ పని మానేశాను. మానుకోటలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చిన్న పని దొరికితే ఇక్కడికి వచ్చాను.

భాగ్య కూతురిని తీసుకుని భూపాలపల్లికి పోయింది. వాళ్ల అన్న అక్కడ బొగ్గు బావిలో పని చేస్తాడు. ఆమె ఒక హాస్టలులో వంట చేస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు నేను పోయి చూసి వస్తాను. పోయిన ప్రతిసారీ చెబుదామనే పోతాను. ఆమె కుర్చీ తుడిచి వేస్తుంది. చాయ్ పోస్తుంది. మీ మాట విని ఉంటే ఆయన బతికేవాడు అంటుంది. కోపంగా కాదు, ప్రతిసారీ అదే మాట, వచ్చిన మనిషికి మర్యాద చేసినట్టు. నేను చాయ్ తాగి బస్సెక్కుతాను. వచ్చేదారిలో పరకాల దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తాను.

ఇట్లాగే ఇంకా ఎన్నేళ్లయినా గడిపేవాణ్నేమో. ఈ ఏడు శ్రావణి మా కాలేజీలో చేరింది. యాకయ్య కూతురు. తండ్రి పోయినప్పుడు చిన్న పిల్ల. ఇప్పుడు అదే నుదురు, అదే నవ్వు. లైబ్రరీకి వచ్చి నన్ను చూడగానే పెద్దనాయినా అంది. అప్పటినుంచి మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటుంది. పుస్తకం తీసుకుంటే ముందు ఆఖరి పేజీ చూస్తుంది. అట్లా చూడొద్దని చెప్పబోయి మానుకున్నాను.

పోయిన వారం, బతుకమ్మ సెలవులకు ఇంటికి పోయే ముందు, పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. లోపల ఎవరూ లేరు. పుస్తకం బల్ల మీద పెట్టి, దాని అంచు సర్దుతూ నిలబడింది.

"పెద్దనాయినా, ఒకటి అడుగుత. కోపం జెయ్యొద్దు."

"అడుగు బిడ్డా."

"మా బాపు నీ మాట ఎందుకినలే?"

నేను పుస్తకం మీద ముద్ర వేస్తున్నాను. చెయ్యి ఆగలేదు.

"హాస్టల్ల ఎవలన్న అడిగితే బాపు జరమొచ్చి సచ్చిపోయిండని చెప్త" అంది. "గ్యాసు బండి అంటే, తెల్సి తెల్సి తెచ్చి గామె చెవి గూడ పోగొట్టిండు, గాయనేనా అంటరు. ఏమనాల్నో తెల్వది."

ఆ క్షణంలో చెప్పొచ్చు. ఆమె నా ఎదురుగా ఉంది. తలుపు మూసి ఉంది. అయిదేళ్లలో అంతకంటే సులభంగా ఎప్పుడూ లేదు. నేను ఏమన్నానో రాస్తున్నాను.

"పండుగ పనిల పడి మర్చిపోయిండు బిడ్డా."

మరిచిపోయాడట. నా మరుపును తీసుకుపోయి అతనికి అంటగట్టాను. పటేలు ముందు నా గురించి అనలేకపోయిన మాట, అతని కూతురి ముందు అతని గురించి అంత అనాయాసంగా అన్నాను. ఆమె తల ఊపింది. అవును, మరిచిపోయి ఉంటాడు, ఆ మాట అయితే ఎవరికైనా చెప్పుకోవచ్చు అన్నట్టు, కొంచెం తేలికపడ్డట్టు కూడా కనిపించింది. బ్యాగు భుజానికి వేసుకుని పోయింది. నేను అబద్ధంతో ఆమెకు ఒక ఓదార్పు ఇచ్చాను. దానికంటే నీచమైన పని నేను చేయలేదు. పసుపు పూయడం కూడా దీనికంటే తక్కువే.

ఇవాళ పెత్రమాస, పెద్దల అమావాస్య. పొద్దున అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తూ మా నాయిన పేరు, తాత పేరు చెప్పాను. ఇంకెవరివైనా ఉన్నాయా అని అడిగాడు. యాకయ్య పేరు నాలుక మీదికి వచ్చింది. నాకు ఆ హక్కు లేదని ఊరుకున్నాను. ఇంటికి వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

మీకు చెప్పడంతో పని అయిపోలేదని తెలుసు. ఇది పక్కన పెట్టి వేరే కాగితాలు తీసుకున్నాను. ఒకే సంగతి నాలుగుసార్లు రాశాను. ఒకటి శ్రావణికి, ఒకటి భాగ్యకు, ఒకటి స్వరూపకు, ఒకటి విచారణ చేసిన ఆఫీసుకు. రేపు పొద్దున బస్సుకు భూపాలపల్లి పోతాను. అక్కడినుంచి నర్మెట్టకు. తువ్వాల కూడా తీసుకుపోతున్నాను. అది వాళ్లది. నన్ను క్షమించమని ఆ కాగితాల్లో ఎక్కడా రాయలేదు. మొదట రాశాను. చదివితే అదంతా మళ్లీ నా గురించే అయింది. ఆ కాగితం చింపేసి మళ్లీ రాశాను. వాళ్లు ఏమంటారో నాకు తెలియదు. శ్రావణి ఇక పెద్దనాయినా అనదు. అంతవరకు తెలుసు.

అందులో రాసింది ఇంతే:

"బండి తారీకు దాటిపోయింది. చూసుకోవాల్సిన వాణ్ని నేను. నేను మరిచిపోయాను. తెలిశాక కూడా బండి ఆపలేదు. తారీకు కనబడకుండా రేకు మీద పసుపు నేనే పూశాను. నాలుగు రోజులు నడపమని యాకయ్యకు నేనే చెప్పాను. తీసుకుపొమ్మని నేను చెప్పలేదు. పుస్తకంలో రాసింది దొంగ రాత. రేకు మీద పసుపు ఉండెనని స్వరూప చెప్పింది నిజం. దాన్ని తుడిచింది నేను. యాకయ్య ఆపడానికి వచ్చి చనిపోయాడు."

అతను ఉంటే, చెయ్యి కడుక్కుంటూ, ఆఖరికి చెప్పిండా లేదా అని అడిగేవాడు.

నాలుగు కాగితాలూ ఒకదాని తర్వాత ఒకటి గట్టిగా చదివాను. నా గొంతులో ఆ మాటలు వినడం ఇదే మొదలు. లోపల మా ఆవిడ పని ఆపి వింటోందని తెలుసు. ఆపలేదు. ఏ మాటా తుడవలేదు.